ఆడవాళ్ళు కట్టుకున్న భాష: లంక గ్రామాల నేపథ్యంలో వైజ్ఞానిక నవల గురించి చర్చ

గౌతమి గట్టు:
సభ్యులందరికీ నమస్కారం. కొంతకాలంగా రాయాలనుకుంటున్న ఒక నవల గురించి మీ సలహా కోరుతున్నాను. కథాకాలం ఇప్పటికి వందేళ్ళ తరువాత. సముద్రం ముందుకు వచ్చి కోనసీమ దిగువ ప్రాంతమంతా ఉప్పునీటి పాలవుతుంది. ఆస్తిపాస్తులున్న మగవాళ్ళు మెరక ఊళ్ళకు వెళ్ళిపోతారు, వసిష్ఠకూ గౌతమికీ మధ్యనున్న లంకల్లో ఆడవాళ్ళే మిగులుతారు. అప్పటి చట్టం వాళ్ళను మేజర్లుగా గుర్తించదు. సంతకం పెట్టాలన్నా, పంటు (బల్లకట్టు) దాటి రాజోలు వెళ్ళాలన్నా ఎవరో ఒక మగ సంరక్షకుడి అనుమతి కావాలి. ఈ స్థితిలో వాళ్ళు తమలో తాము ఒక భాష కట్టుకుంటారు, తిరుగుబాటు ఆ భాషతోనే మొదలవుతుంది.

ఈ ఆలోచనకు మూలం సుజెట్ హేడెన్ ఎల్గిన్ 1984లో ప్రచురించిన 'నేటివ్ టంగ్'. ఆమె వృత్తిరీత్యా భాషాశాస్త్రవేత్త. ఆ నవలలో అమెరికా స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చిన 19వ సవరణ 1991లోనే రద్దయిపోతుంది, స్త్రీలు చట్టం దృష్టిలో జీవితాంతం మైనర్లు. గ్రహాంతరవాసులతో వ్యాపారం నడవాలంటే అనువాదకులు కావాలి కాబట్టి భాషావేత్తల కుటుంబాలు తమ ఆడవాళ్ళ చేత పసితనం నుంచి అదే పని చేయిస్తాయి. పిల్లలను కనలేని స్త్రీలను ఉంచే ఇంట్లో వాళ్ళు మగవాళ్ళ కంటపడేలా 'లాంగ్లిష్' అనే బూటకపు భాష మీద కుస్తీ పడుతున్నట్టు నటిస్తూ, చాటున 'లాఆదన్' అనే అసలు భాషను తయారు చేస్తారు.

మీ ముందుంచుతున్న ప్రశ్న ఇది. అలాంటి భాష తెలుగు నేల మీద పుడితే దానిలో కొత్తగా ఉండవలసింది మాటలా, వ్యాకరణమా?

పాత గ్రంథాలయం:
అమ్మా, ఈ సాహిత్యానికి మూలాలు వెతుకుతూ అమెరికా వరకు వెళ్ళనక్కరలేదు, రాజమహేంద్రవరంలో ఆగినా చాలు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 'గలివర్స్ ట్రావెల్స్' నమూనాలో 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' రాశారు. అందులో సత్యరాజాచార్యుడు చేరిన ఆడుమళయాళంలో పెత్తనమంతా స్త్రీలది, ఇల్లు దిద్దుకుంటూ పత్నీవ్రతం పాటించవలసింది పురుషులు. పతివ్రత అన్న మాటను తిరగేయడంతోనే పంతులు గారు సగం పని సాధించారు. 1881లో ఇదే ఊళ్ళో మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషికి ఏ మాట వెనుక ఎంత బలగం ఉందో తెలియకుండా ఉంటుందా?

రెండవది, 1905లో రోకియా సఖావత్ హుసేన్ అనే బెంగాలీ రచయిత్రి ఆంగ్లంలో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్'. సూర్యుని వేడిని ఆయుధంగా మలచి యుద్ధం గెలిచిన స్త్రీలు మగవాళ్ళను 'మర్దానా'లో కూర్చోబెట్టే కథ అది. ఆ దేశంలో సిగ్గుతో ముడుచుకుపోయేవాళ్ళను 'మగవాళ్ళలా ఉన్నారు' అంటారు. ఆ కథను అచ్చు వేసినది మద్రాసు నుంచి వెలువడిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'. దాని సంపాదకురాలు కమలా సత్తియనాథన్ పుట్టినది మన రాజమహేంద్రవరంలోనే. ఈ సంగతి మన ఊరి సభల్లో ఎవరి నోటా వినిపించకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అయితే ఈ రెండింటిలోనూ మాట తలకిందులవుతుంది గాని వాక్యం చెక్కుచెదరదు. పాఠకుడు హాయిగా నవ్వుకుని పుస్తకం మూసేస్తాడు. మీరు వాక్యం జోలికి వెళ్ళగలిగితే అది కొత్త పని అవుతుంది.

ధూమకేతువు:
నాకు మొదటి నుంచీ ఉన్న అభ్యంతరం చెబుతాను. భాష మారితే లోకం మారిపోతుందన్న వాదాన్ని దాని తీవ్రరూపంలో ఈనాటి భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోరు. ఎల్గిన్ గారే దీనిని ఒక ప్రయోగంగా చూశారు. ఇప్పుడున్న భాషలు స్త్రీల అనుభవాన్ని చెప్పడానికి చాలడం లేదన్నది నిజమైతే, ఒక స్త్రీభాషను చేతికి అందించినప్పుడు వాళ్ళు దానిని అందుకోవాలి, లేదా అంతకంటే మంచిదాన్ని తయారు చేసుకోవాలి. ఆమె పదేళ్ళు గడువు పెట్టుకుని చూశారు. నిఘంటువు, వ్యాకరణం 1985లో అచ్చయ్యాయి. స్త్రీలు దానిని అందుకోవడం గాని, అంతకంటే మంచిదాన్ని తయారు చేసుకోవడం గాని జరగలేదు. అదే ఏడాది నిఘంటువు వచ్చిన, 'స్టార్ ట్రెక్' కథల్లోని క్లింగాన్ భాషకు మాత్రం లోకమంతా అభిమానులు పుట్టుకొచ్చారు. యుద్ధం చేసే మగ గ్రహాంతరవాసుల భాష బతికింది, స్త్రీల కోసం కట్టిన భాష అలమారలో ఉండిపోయింది. ఇది తెలిసిన తరువాత కూడా భాషతో విప్లవం వస్తుందంటే పాఠకుడు ఎందుకు నమ్మాలి?

వ్యాకరణ విద్యార్థిని:
ధూమకేతువు గారూ, ఆ ప్రయోగ ఫలితాన్ని మరో విధంగా కూడా చదవవచ్చు. క్లింగాన్ వెనుక సినిమాలు, టీవీ ధారావాహికలు, వాటి వ్యాపారం ఉన్నాయి. లాఆదన్ వెనుక ఒక చిన్న పుస్తకం మాత్రమే ఉంది. రెండింటినీ ఒకే పరుగు పందెంలో నిలబెట్టడం సరికాదు. పైగా నవలలో పెద్దవాళ్ళు లాఆదన్‌ను తడుముకుంటూనే మాట్లాడతారు, అసలు మార్పు మొదలయ్యేది దాన్ని పసిపాపలకు నేర్పినప్పుడు. బయట లోకంలో ఆ అవకాశం దానికి దక్కలేదు.

ఇక గౌతమి గారి ప్రశ్న. వ్యాకరణమే అని నా జవాబు. అందుకు కారణం తెలుగులోనే ఉంది. చిన్నయ సూరి 1858లో ప్రచురించిన బాలవ్యాకరణంలో పురుషులను చెప్పే మాటలు మహత్తులు, మిగిలినవి అమహత్తులు. స్త్రీలను చెప్పేవి మహతీవాచకాలు. వీటికి ఏకవచనంలో అమహత్తులకు జరిగే కార్యమే జరుగుతుంది, బహువచనంలో మాత్రం మహత్తులతో కలుస్తాయి. అందుకే 'అతడు వచ్చాడు' అంటాం, 'ఆమె వచ్చింది' అంటాం, 'పడవ వచ్చింది' అని కూడా అంటాం. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి వస్తే 'వచ్చారు' అవుతుంది, రెండు పడవలు కలిసి వస్తే 'వచ్చాయి' అవుతుంది. ఒంటరిగా ఉన్నంతసేపు పడవల జాబితాలో ఉన్న స్త్రీ, పక్కన మరొకరు నిలబడితే మనుషుల జాబితాలోకి మారుతుంది. తమిళంలో 'వందాళ్' అనీ కన్నడంలో 'బందళు' అనీ స్త్రీకి ఏకవచనంలోనే ప్రత్యేక రూపం ఉంది. మన భాషకు లేదు. విప్లవ నవల రాసేవారికి ఇంతకంటే సిద్ధంగా ఉన్న వస్తువు ఏ భాషలోనైనా దొరుకుతుందా అని నాకు అనుమానం.

మరొక విషయం. లాఆదన్‌లో ప్రతి వాక్యం మొదట ఇది ప్రకటనా, ప్రశ్నా, అభ్యర్థనా, హెచ్చరికా అన్నది తెలిపే మాట ఒకటి ఉంటుంది. చివర, ఆ సంగతి మాట్లాడేవారికి ఎలా తెలిసిందో చెప్పే మాట మరొకటి ఉంటుంది. స్వయంగా గ్రహించినదానికి ఒకటి, కలలో చూసినదానికి ఒకటి, నమ్మకమైనవారి ద్వారా విన్నదానికి ఒకటి, నమ్మకం లేనివారు చెప్పినదానికి ఒకటి. 'నేను అన్నదాంట్లో తప్పేముంది, నీవే తప్పుగా అర్థం చేసుకున్నావు' అని తప్పించుకునే దారిని ఎల్గిన్ వాక్య నిర్మాణంలోనే మూసేశారు. తెలుగుకు ఇందులో ఒక్క ముక్క ఇదివరకే ఉంది, అదే 'ట'. 'వచ్చిందట', 'పోయిందట', 'ఎవరితోనో మాట్లాడుతోందట'. ఎవరు చెప్పారో, వాళ్ళకెలా తెలిసిందో ఆ 'ట' చెప్పదు. ఊళ్ళో ఒక ఆడపిల్ల చదువు మాన్పించడానికి అదొక్కటి చాలు.

లేసు దారం:
విద్యార్థిని గారి 'ట' నన్ను కదిలించింది, దాని దగ్గరకు మళ్ళీ వస్తాను. ముందు మాటల సంగతి. మాటల వల్ల ప్రయోజనం లేదన్నట్టు చర్చ సాగుతోంది గాని నేను ఒప్పుకోను.

లాఆదన్‌లో 'రదీదిన్' అని ఒక మాట ఉంది. పేరుకు పండుగే గాని చాకిరీ వల్లా, వచ్చినవాళ్ళ వల్లా ఎప్పుడు గడుస్తుందా అనిపించే రోజు అని దాని అర్థం. ముఖ్యంగా చుట్టాలు ఎక్కువై, అందులో ఒక్కరూ చేయి కలపనప్పుడు వాడతారట. అర్కాన్సాస్‌లో కూర్చుని రాసిన ఆవిడకు మా నరసాపురం సంక్రాంతి ఎవరు చెప్పారో! భోగికి వారం ముందు నుంచే బియ్యం నానబెట్టి, తడిపిండి కొట్టించి, పాకం పట్టి అరిసెలు వత్తుతూ మా అమ్మ పొయ్యి ముందు నుంచి లేచేది కాదు. కొత్త అల్లుళ్ళు, వాళ్ళ వెంట స్నేహితులు, కోడిపందేల కోసం వచ్చి మధ్యాహ్నం దాటాక విస్తరి ముందు కూర్చునే పెద్దమనుషులు, వీళ్ళందరికీ వడ్డించి ఆవిడ తినేసరికి పొద్దు వాలేది. దీన్ని పండుగ అనే అనాలి, వేరే మాట లేదు. మాట లేనప్పుడు ఫిర్యాదు కూడా ఉండదు. 'ఆ మూడు రోజులూ ఓపిక పట్టాలి' అంటారంతే.

నరసాపురం లేసు మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో ఒక పుస్తకం వెలువరించారు. మిషనరీలు నేర్పిన ఆ అల్లిక విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లేవాళ్ళను ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులుగానూ అల్లికను తీరిక వేళ కాలక్షేపంగానూ పేర్కొనడం వల్లనే కూలిని అంత తక్కువగా ఉంచగలిగారని ఆవిడ వాదన. మా అరుగు మీద అది కళ్ళారా చూశాను. దారపుండ ఒళ్ళో, లేసు సూది చేతిలో, కళ్ళు పొయ్యి మీది పాల మీద. ఏజెంటు వచ్చి డజన్ల లెక్కన తీసుకుపోతాడు. 'మీ ఆవిడ ఏం చేస్తారు' అని ఎవరైనా అడిగితే మా నాన్న 'ఇంట్లోనే ఉంటుందండి' అనేవారు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన భాషలో ఆ పనికి క్రియాపదం లేదు. గౌతమి గారూ, మీ నవలలో ఆడవాళ్ళు ముందుగా ఆ క్రియాపదాన్ని తయారు చేసుకోవాలి.

ధూమకేతువు:
క్రియాపదం వస్తే ఏజెంటు రేటు పెంచుతాడా? నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు చేసుకుందాం. అక్షరాస్యత తరగతిలో సారా గురించిన పాఠం చదివిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఊరూరా అదే జరిగి 1993 అక్టోబరు నాటికి రాష్ట్రంలో సారాను నిషేధించవలసి వచ్చింది. ఆ పాఠం మామూలు తెలుగులోనే ఉంది. రహస్య భాష ఏదీ లేదు.

పాత గ్రంథాలయం:
ఆ ఉదాహరణ మీ వాదానికి కాక గౌతమి గారికే ఉపయోగపడుతుంది నాయనా. ఆ ఆడవాళ్ళు సారా గురించి కొత్తగా తెలుసుకున్నది ఏమీ లేదు. రోజూ అనుభవిస్తున్నది అచ్చులో కనిపించేసరికి, అందరూ ఒకేసారి గట్టిగా చదివేసరికి అది ఇంటి గొడవ నుంచి ఊరి గొడవ అయింది.

నల్లకోటు:
నేను కోర్టులో పని చేసేవాణ్ణి, సాహిత్యం నాకు అంతగా తెలియదు. కాని విద్యార్థిని గారు 'ట' గురించి రాసినది చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. ఎనభైలలో ఈ జిల్లాల్లో కొత్త కోడళ్ళ మరణాలన్నీ ఒకే వాక్యంగా కాగితం మీదికి వచ్చేవి. 'వంట చేస్తుండగా స్టవ్ పేలింది.' ఆ వాక్యంలో కర్త స్టవ్. చూసినది ఎవరో లేదు. 1983లో భార్యను హింసించడాన్ని నేరం చేసిన 498ఎ, 1986లో కట్నం మరణానికి శిక్ష విధించే 304బి శిక్షాస్మృతిలో చేరాయి, వాటికి జంటగా సాక్ష్య చట్టంలో 113ఎ, 113బి వచ్చాయి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజ మరణం సంభవించి, చనిపోవడానికి కొద్దికాలం ముందు కట్నం కోసం వేధించినట్టు రుజువైతే, వేధించినవారే ఆ కట్నం మరణానికి కారకులని న్యాయస్థానం భావించి తీరాలని 113బి చెప్పేది (2024లో ఆ చట్టం స్థానంలో కొత్త సాక్ష్య చట్టం వచ్చింది). కాదని చూపవలసిన భారం అవతలివారిది. అంటే 'నీకెలా తెలుసు' అన్న ప్రశ్నను చట్టం చనిపోయిన మనిషి పక్షాన కాకుండా బతికున్నవాళ్ళ మీదికి తిప్పింది. మీ లంకల భాషలో ఆ మార్పు వ్యాకరణంలోనే ఉంటే, స్టవ్ పేలిందన్న వాక్యం అసలు పలకడానికే వీలు పడదు.

వ్యాకరణ విద్యార్థిని:
అద్భుతంగా చెప్పారు. అయితే ప్రత్యయాలు ఇలా ఉంటే ఎలా ఉంటుంది? స్వయంగా చూసినదానికి 'కన', విన్నదానికి 'విన'. 'విన' వాడితే చెప్పినవారి పేరు దాని ముందు రావలసిందే. 'ఆమె పంటు దాటింది, కన' అంటే నేనే చూశాను. 'ఆమె పంటు దాటింది, సుబ్బమ్మ విన' అంటే సుబ్బమ్మ చెప్పగా విన్నాను. పేరు లేకుండా ఉత్త 'విన' అంటే, కర్త లేని వాక్యం విన్నట్టుగా పిల్లలు కూడా నవ్వాలి. మగవాళ్ళ చెవికి ఇది యాసలా అనిపిస్తుంది గాని భాషలా అనిపించదు. లాంగ్లిష్ లాంటి ముసుగు భాష అక్కరలేకపోవచ్చు.

గౌతమి గట్టు:
ముసుగు కూడా మన దగ్గరే ఉంది. చిన్నప్పుడు బడిలో ఆడపిల్లలం 'క' భాష మాట్లాడుకునేవాళ్ళం. 'కను కవ్వు కవ కచ్చా కవా' అంటే 'నువ్వు వచ్చావా' అని. అది పిల్లల ఆట అని పెద్దలు పట్టించుకునేవారు కాదు. నా కథలో సంరక్షకులు దాన్నే లంకల రహస్య భాష అనుకుని, ఒక ఉద్యోగిని నియమించి మరీ దాని నిఘంటువు రాయిస్తారు. ఆ ఉద్యోగి పాత్ర నాకు ఇప్పటికే నచ్చేసింది.

ఇక క్రియారూపం. ఒక్క స్త్రీ వచ్చినా 'వచ్చారు' అనాలని లంకల్లో కట్టుబాటు చేస్తే సరిపోతుందా?

లేసు దారం:
సరిపోదు. ఆ 'వచ్చారు' కొందరు ఆడవాళ్ళకు ఇప్పటికే ఉంది. కామందు గారి భార్య వస్తే 'అమ్మగారు వచ్చారు'. ఆవిడ పొలంలో ఊడ్పులకు దిగిన మనిషి వస్తే, వయసులో అమ్మగారి కంటే ఇరవై ఏళ్ళు పెద్దదైనా 'అది వచ్చింది'. రొయ్యల షెడ్డులో చేతులు మంచుకు మొద్దుబారిపోతూ తలలు తీసే పిల్లలను మేస్త్రీ ఎలా పిలుస్తాడో విన్నవారికి తెలుసు. మహత్తు, అమహత్తు అన్న గీత స్త్రీపురుషుల మధ్య మాత్రమే లేదు, ఆడవాళ్ళ మధ్య కూడా ఉంది. ఎల్గిన్ నవలలో భాషను తయారు చేసేవాళ్ళందరూ భాషావేత్తల వంశాల ఆడబిడ్డలే. బయటి స్త్రీలకు అది ఎలా అందుతుందన్నది తరువాతి పుస్తకంలో గాని రాదు. మీ నవల కూడా మేడ మీద అమ్మాయిలు భాష చేసి గట్టు మీది ఆడవాళ్ళకు నేర్పే కథ అయితే నేను చదవను.

పాత గ్రంథాలయం:
కటువుగా ఉన్నా మాట సరైనదే. ఊడ్పుల్లో ఒకరు పాడితే మిగతావారు అందుకునే పద్ధతి ఉంది కదా. ఒక వాక్యానికి అందరూ కలిసి బాధ్యత తీసుకోవడం అక్కడ అలవాటైన సంగతి. భాష అక్కడ పుట్టి మేడ ఎక్కితే సహజంగా ఉంటుంది.

నల్లకోటు:
ఒక చిక్కు ఉంది. 'విన' ముందు పేరు తప్పనిసరి అన్నారు. కూలికి వెళ్ళే మనిషి కామందు ఇంట్లో చూసినది వచ్చి చెబితే, ఆ పేరు వాక్యంలో పెట్టిన మరుక్షణం ఆమె పని పోతుంది, ఇంకా ఘోరమే జరగవచ్చు. సాక్షులు ఎదురు తిరిగే కేసులు ఎన్నో చూశాను, కారణం ఎప్పుడూ ఇదే. మీ భాష పుకారును ఆపుతుంది సరే, దానితో పాటు భయపడే సాక్షి నోరు కూడా నొక్కుతుంది.

ధూమకేతువు:
ఇంతసేపటికి నాకు నమ్మదగిన కథ వినిపిస్తోంది. ఈ చిక్కు మీదనే నవల నడపండి.

గౌతమి గట్టు:
రాత్రంతా దీని గురించే ఆలోచించాను. మూడో ప్రత్యయం కావాలి. 'పూచి' అని పెడుతున్నాను. 'ఆ ఇంట్లో పిల్లను కొట్టారు, పూచి' అంటే, చూసినవారెవరో నాకు తెలుసు, పేరు చెప్పను, ఈ మాటకు నేను నిలబడతాను అని అర్థం. పేరు బదులు తనను తాను పెట్టడం. లేసు దారం గారి అభ్యంతరాన్ని తీసుకుని, దీన్ని మొదట పలికే మనిషిని ఊడ్పుల ముఠా నాయకురాలిగా మార్చాను. కామందు కూతురు ఆ భాషను గట్టు మీద కూర్చుని నేర్చుకుంటుంది, ఆమెకు 'పూచి' అనే హక్కు చాలాకాలం దొరకదు, ఎందుకంటే ఆమె పూచీకి పోగొట్టుకునేది ఏమీ లేదని మిగతావాళ్ళ వాదన.

మూడో అధ్యాయం ముసాయిదా త్వరలో ఇక్కడ ఉంచుతాను. ఈలోగా నల్లకోటు గారు ఒక్కటి చెప్పాలి. 'పూచి' అని పలికి, తరువాత ఆ మాట అబద్ధమని తేలిన మనిషిని లంకలో ఏం చేయాలి?

నల్లకోటు:
శిక్ష పెట్టకండి. పెడితే భయపడి ఎవరూ వాడరు. ఆ రోజు నుంచి ఆమె నోటి 'పూచి'ని ఎవరూ అందుకోరని రాయండి. తాను చూసినది 'కన' అని చెప్పుకోవచ్చు, ఇతరుల తరఫున మాత్రం మాట్లాడలేదు. ఎన్నాళ్ళకు ఆ హక్కు తిరిగి వస్తుంది, ఎవరు ఇస్తారు అన్నది ముఠా తేల్చాలి, మేడ కాదు.

లేసు దారం:
ముఠాలో తగువు వస్తే?

గౌతమి గట్టు:
వస్తుంది. నాలుగో అధ్యాయం మొత్తం అదే.